పాయింటు సందులో బొగ్గు

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన మనిషి మా తాతయ్య. ఇది కృతజ్ఞత లేని మాటలా వినిపిస్తుందని తెలుసు. ఆయనను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోకుండా నేను నిద్రపోయిన రోజు లేదు. అయినా విసిగించాడన్నది నిజం. ఆ నిజం ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక.

తాతయ్య అంటే మా అమ్మకు నాన్న. రైల్వేలో పాయింట్స్‌మన్. మణుగూరు నుంచి బొగ్గు వచ్చే లైను మీద, అడవి మధ్యలో ఒక చిన్న స్టేషన్‌లో ఆయన పని. మా నాన్న మణుగూరు గనుల్లో ఉండేవాడు, సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు. అమ్మ, నేను, తమ్ముడు తాతయ్యతో పాటు స్టేషన్ పక్క క్వార్టరులో ఉండేవాళ్లం. బడి చాలా దూరం. మధ్యలో వాగు. అందుకని అమ్మే నాకు పలక మీద అక్షరాలు, లెక్కలు నేర్పింది. పొద్దున ప్రార్థన, ఆ తర్వాత ఎక్కాలు, ఆ తర్వాత తాతయ్య పెట్టే పరీక్షలు. ఈ మూడోదే నాకు పడేది కాదు.

"మేకను కట్టేసినవా బిడ్డా?" అని అడిగేవాడు.

"కట్టేసిన తాతా."

"చూసినవా, అనుకున్నవా?"

"నా చేతుల్తోనే కట్టిన."

"కట్టినంక ముడి గుంజి చూసినవా?"

ఇలా ఉండేది. పొయ్యి ఆర్పానంటే బూడిద కదిపి చూశావా అనేవాడు. బిందె నింపానంటే మూత తీసి చూపించమనేవాడు. రాత్రి ప్రార్థన అయి, అందరం ఆమేన్ అన్నాక, కళ్లు తెరవగానే ఆయన మొదట చూసేది తలుపు గడియ వైపే. దేవుడు కాస్తాడని ఇప్పుడే కదా అడిగాం, మళ్లీ గడియ ఎందుకని అమ్మ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. పదేళ్ల పిల్లకు రోజుకు ఇరవై సార్లు అదే ప్రశ్న ఎదురైతే నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆయన పని ఏమిటో కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ రోజు సంగతి అర్థం కాదు. మా స్టేషన్‌లో రెండు లైన్లు. ఆగకుండా పోయే బండ్లకు మెయిన్ లైను, పక్కకు పెట్టాల్సిన బండ్లకు లూప్ లైను. ఒక లైను రెండుగా చీలే చోట కత్తి మొనలా సన్నబడిన రెండు పట్టాలు కదులుతూ ఉంటాయి. దాన్నే పాయింటు అంటారు. మొనలు ఒక పక్కకు జరిగితే బండి మెయిన్ లైనులోకి పోతుంది, రెండో పక్కకు జరిగితే లూపులోకి పోతుంది. రైలు నడిపే డ్రైవరు చేతిలో స్టీరింగు ఉండదు. పాయింటు ఎటు తిప్పితే బండి అటే. కానీ ఆ పాయింటు ఆయనకు అంత దూరం నుంచి కనబడదు. కనబడేది సిగ్నలు ఒక్కటే. సిగ్నలు రమ్మంటే, ముందు పట్టాలు సరిగా ఉన్నాయని ఎవరో చూసి చెప్పినట్టే అనుకుని ఆయన వచ్చేస్తాడు.

స్టేషన్ చివర క్యాబిన్‌లో లీవర్లు నిలువుగా వరుసగా ఉండేవి. నల్లది పాయింటును జరిపేది, నీలంది దానికి తాళం వేసేది, ఎర్రది సిగ్నలు దించేది. అప్పటికింకా మా దగ్గర స్తంభానికి ఇనుప చెయ్యి ఉండే సిగ్నళ్లే. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. ఒకసారి తాతయ్య నన్ను పిలిచి, ఆ ఎర్ర లీవరు లాగితే జామపండ్లు కోసిస్తానన్నాడు. రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. కాళ్లు గోడకు తన్నిపెట్టి గుంజాను. వెంట్రుకవాసి కదలలేదు. నా బలం చాలలేదేమో అనుకున్నాను. కాసేపటికి బండి వచ్చే వేళయింది. ఆయన నల్లది లాగాడు, నీలంది వేశాడు, ఆ తర్వాత ఎర్రది వచ్చేసింది. మళ్లీ అదే లీవరు, అదే ఇనుము. లీవర్ల కింద ఇనుప పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, పాయింటు సరిగా కూర్చుంటే తప్ప సిగ్నలు కదలనియ్యవని అప్పుడు చెప్పాడు. జామపండ్లు కూడా కోసిచ్చాడు. గెలవలేని పందెం పెట్టి పండ్లు ఇవ్వడం ఆయన పద్ధతి.

ఇదంతా నాకు నోటికి వచ్చు. ఎవరడిగినా గడగడా చెప్పేదాన్ని. అందుకే ఆ రోజు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే విసుగు.

అది వానాకాలం. నాలుగేళ్ల మా తమ్ముడికి చలిజ్వరం పట్టి మూడో రోజు. మా అడవి వైపు వానల్లో ఆ జ్వరం కొత్త కాదు. కానీ ఇది మందుబిళ్లలకు లొంగడం లేదు. వాగు పొంగి రోడ్డు మూసుకుపోయింది. కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోవాలంటే పొద్దున వచ్చే ప్యాసింజరు ఒక్కటే దారి. బయలుదేరే ముందు వాడికి కాస్త గంజి కాచి పట్టిద్దామని అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. తడిసిన కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. ఊది ఊది ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. ఆ కళ్లలో నీళ్లు పొగకే వచ్చాయో, తమ్ముడిని చూసి వచ్చాయో నాకు తెలియలేదు.

అదే సమయానికి మణుగూరు వైపు నుంచి బొగ్గు బండి వచ్చింది. వెనక ప్యాసింజరు ఉంది కాబట్టి దాన్ని పక్కకు తప్పించడానికి తాతయ్య పాయింటు మార్చి లూపులోకి తీసుకున్నాడు. పాయింటు దగ్గర వ్యాగన్లు కుదుపుకు ఊగుతాయి, పై నుంచి బొగ్గు పెళ్లలు రాలుతాయి. మా చుట్టుపక్కల ఆడవాళ్లు వాటిని ఏరుకుని పొయ్యిలోకి వాడుకోవడం మామూలే. తాతయ్య మాత్రం నన్ను కంచె దాటనిచ్చేవాడు కాదు. ఆ పొద్దున నేను దాటాను. బండి ఆగగానే పరుగెత్తి, పాయింటు దగ్గర పిడికిలంత పెళ్లలు ఆరు ఏరాను. అవి ఉంటే అమ్మ పొయ్యి మండుతుంది, గంజి కాగుతుంది, తమ్ముడు తాగుతాడు. నా ఆలోచన అంతే.

తల ఎత్తేసరికి క్యాబిన్ వైపు నుంచి తాతయ్య వస్తున్నాడు. చంకలో జెండాలు, తల మీద గోనెసంచి. బండి లోపలికి వచ్చాక ఆయన ప్రతిసారీ పాయింటు దాకా నడిచి వచ్చి చూసిపోయేవాడు. నన్ను చూస్తే పని అయిపోయినట్టే. పాయింటులో ఒక పక్క మొన పట్టాకు అతుక్కుని ఉంటే రెండో పక్క బెత్తెడు సందు ఉంటుంది. నా కంటికి అది నాకోసం ఎవరో కట్టిపెట్టిన గూడులా కనిపించింది. ఆరు పెళ్లలూ అందులో దోపి, ఆయన పోయాక తీసుకుందామని తుప్పల వెనక కూర్చున్నాను. అది పాయింటు అని నాకు తట్టలేదు. బొగ్గు దాచుకునే చోటు అని మాత్రమే తట్టింది.

తాతయ్య సగం దూరం వచ్చాడు. అప్పుడే క్వార్టరు నుంచి అమ్మ కేక వినిపించింది. తమ్ముడు కళ్లు తేలేస్తున్నాడు. తాతయ్య నిలబడ్డాడు, పాయింటు వైపు ఒకసారి చూశాడు, వెనక్కి తిరిగి ఇంటి వైపు పరుగెత్తాడు. నేనూ వేరే దారిన ఇంటికి పరుగెత్తాను. బొగ్గు అక్కడే ఉండిపోయింది. తమ్ముడికి తడిగుడ్డ వేసి, ఊపిరి కుదురుకున్నాక ఆయన నేరుగా క్యాబిన్‌కు పోయాడు. ప్యాసింజరు వేళయింది.

అమ్మ తమ్ముడిని శాలువాలో చుట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. వెదురు బుట్టలు అమ్ముకోవడానికి పోతున్న ఒక కోయ అక్క ఆమె పక్కన కూర్చుని, అడగకుండానే తమ్ముడి నుదుటి మీద గుడ్డ మార్చడం మొదలుపెట్టింది. కొత్తగూడెంలో పెళ్లికి పోవాల్సిన ఒక పెద్దమనిషి గొడుగు కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. దూరంగా ప్యాసింజరు కూత వినిపించింది. సిగ్నలు దగ్గర ఆగి మళ్లీ కూసింది. ఇనుప చెయ్యి అడ్డంగానే ఉంది.

నేను క్యాబిన్ దగ్గరికి పోయేసరికి తాతయ్య నల్ల లీవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది ముప్పావు వంతు వచ్చి ఆగిపోయింది. నేను దోపిన బొగ్గు అప్పుడు గుర్తొచ్చింది.

స్టేషన్ మాస్టరు వానలో తడుస్తూ వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసు మనిషి. మంచివాడే. ఆయన కూడా లాగాడు. గొడుగు పెద్దమనిషి వెనకాలే వచ్చి, "ఇద్దరం కలిసి గుంజితే రాకేం పోద్ది, పట్టుండ్రి" అని గొడుగు పక్కన పెట్టాడు.

"వద్దు సారూ, పాయింటుకు పోయే రాడ్డు వంగుద్ది," అన్నాడు తాతయ్య. వాళ్లు వినలేదు. రెండుసార్లు గుంజారు. రాలేదు.

"వానకి బిగుసుకుపోయుంటుంది పెద్దాయనా," అన్నాడు మాస్టరు. "దాదాపు వచ్చేసింది కదా. నేను కాగితం రాసిస్తాను. జెండా చూపించి మెల్లగా లోపలికి తెచ్చుకుందాం."

"మెల్లగ వచ్చినా ఆ పాయింటు మీదికెంచే కద సారూ రావాలె. మొన సగంల నిలబడ్డది. బండి మెయినుకు వస్తదో, లూపుల బొగ్గు బండి ఎనకకు పోయి గుద్దుతదో, రెంటికీ కాకుండ పట్టా దిగుతదో నాకు తెల్వదు. మీకు తెలుసా?"

మాస్టరు లీవరు వదిలేసి పక్కకు జరిగాడు. గొడుగాయన మాత్రం ఊరుకోలేదు. "ఓ ముసలాయనా, నువ్వు అడ్డం నిలబడితే మేం పోయేటాల్లకు తాళి గూడ కట్టుడైతది."

"లీవరు వద్దంటుంది, నేను కాదు," అన్నాడు తాతయ్య.

అప్పుడు అమ్మ వచ్చింది. తమ్ముడు ఆమె భుజం మీద వాలిపోయి ఉన్నాడు. ఆమె కేకలు వేయలేదు. అరిచినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనిపించింది. "నాయినా, వీడు కాలిపోతుండు. నీ చాదస్తం ఇయ్యాల ఒక్కనాడు పక్కకు పెట్టు. నీ కాళ్లు మొక్కుతా."

తాతయ్య తమ్ముడి అరికాలు ముట్టుకుని చూశాడు. "ఆ బండిల గూడ పిల్లలున్నరు బిడ్డా," అన్నాడు. అంతే. మూలనున్న ఇనుప క్లాంపు భుజాన వేసుకుని, తాళం తీసుకుని, పాయింటు వైపు నడిచాడు. ఆ క్లాంపు, పాయింటు మొనను పట్టాకు బిగించి పట్టుకునేది.

అందరూ ఆయన వెనక నుంచి తిడుతున్నారు. అందరిలో నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు విప్పకుండా ఉంటే బొగ్గు బండి మీద నుంచి రాలి పడిందనుకుంటారు. ఎవరికీ అనుమానం రాదు. ఆ మాట నా మనసు నాతో అన్నది నాకు ఇంకా గుర్తుంది. కానీ తాతయ్య వీపు అలా వానలో వంగి పోతుంటే నా కాళ్లు ఆగలేదు. పరుగెత్తి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"తాతా, పాయింటుల బొగ్గు ఉన్నది. నేనే పెట్టిన."

కొడతాడనుకున్నాను. ఆయన నడుస్తూనే అడిగాడు, "ఎన్ని పెట్టినవ్?"

"ఆరు."

"లెక్కపెట్టినవా, అనుకున్నవా?"

తమ్ముడు అక్కడ కాలిపోతుంటే, బండి అటు కూస్తుంటే, నేను నిజం చెబుతుంటే ఆయన అడిగిన మాట అది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. లెక్కపెట్టిన, ఆరే, అని అరిచాను.

పాయింటు సందులో ఆయన చెయ్యి పెట్టి ఒక్కో పెళ్లా తీశాడు. ఐదు వచ్చాయి. ఆరోది లేదు. ఇక మొన దగ్గరికి వస్తుంది, చాలు పోదాం తాతా అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆరోది ఎక్కడని వెతికాడు. వాళ్లు లీవరు గుంజిన గుంజుడుకు అది మొనకూ పట్టాకూ మధ్య నలిగి, వానకు తడిసి, ముద్దలా అతుక్కుపోయి ఉంది. నేను ఐదు అని ఉంటే ఆయన లేచిపోయేవాడేమో. గోటితో గీకాడు, పుల్లతో గీకాడు, చివరికి తన తువ్వాలుతో తుడిచాడు. కూత మళ్లీ వినిపించింది. నాకు ఆ బండి డ్రైవరు మీద కూడా కోపం వచ్చింది.

క్యాబిన్‌కు తిరిగి వచ్చి నల్ల లీవరు లాగితే చివరి దాకా వచ్చింది. నీలంది పడింది. మాస్టరు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గొడుగాయన గొడుగు తీసుకున్నాడు. తాతయ్య ఎర్ర లీవరు మీద చెయ్యి వేయలేదు.

"ఆగుండ్రి సారూ. రాడ్డును రెండుసార్లు గుంజినం. ఒక్కసారి చూసొస్తా."

"లీవరు వచ్చేసింది కదండీ," అన్నాడు మాస్టరు. అంతదాకా పెద్దాయనా అన్న మనిషి అండీ అన్నాడు. విసుగు ముదిరితే ఆయనకు మర్యాద ఎక్కువవుతుందని తర్వాత తెలిసింది.

"తీసేసినం కద తాతా, లీవరు వచ్చింది కద," అని నేను కూడా అన్నాను.

"లీవరు ఈడ వచ్చింది. పట్టా ఆడ ఉన్నది," అన్నాడు, మళ్లీ నడిచాడు.

ఆ రెండో నడక నాకు మొదటిదానికంటే చాలా పొడవుగా అనిపించింది. ఆయన పరుగెత్తలేదు. పరుగెత్తే వయసు కాదు, పరుగెత్తి జారిపడితే ఇంకో గంట. పాయింటు దగ్గర వంగాడు. మొనకూ పట్టాకూ మధ్య వేలు పెట్టి చూశాడు. ఇటు పక్క చూశాడు, అటు పక్క చూశాడు. క్లాంపు బిగించాడు, తాళం వేశాడు, గుంజి చూశాడు. తిరిగి వచ్చి తాళంచెవి మాస్టరు చేతిలో పెట్టాడు.

"ఏమైనా ఉందా?" అని మాస్టరు అడిగాడు.

"ఏం లేదు సారూ."

"మరెందుకు వెళ్లినట్టు?"

"ఏం లేదని చూడనీకె."

ఎర్ర లీవరు లాగాడు. దూరంగా ఇనుప చెయ్యి వాలింది. ప్యాసింజరు వచ్చింది. పాయింటు మీద నుంచి పోయేటప్పుడు ప్రతి పెట్టె టకటకమంటూ మెయిన్ లైను మీదికే వచ్చింది. నేను పెట్టెలు లెక్కపెట్టాను, అనుకోలేదు. కిటికీల్లో ముఖాలు కనిపించాయి. ఒక పిల్ల నాకు నాలుక చూపించింది. అమ్మ తాతయ్య వైపు చూడకుండానే బండి ఎక్కింది. కోయ అక్క తన బుట్టలు తలుపు దగ్గర పడేసి తమ్ముడి తల తన ఒళ్లో పెట్టుకోవడం కనిపించింది. ఆమె పేరు నాకు తెలియదు. దేవునికి తెలుసు, నాకు అది చాలు.

బండి పోయాక మాస్టరు తన గదిలో రిజిస్టరు తెరిచాడు. తాతయ్య ముందు నిలబడ్డాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మాస్టరు నిజంగా మంచివాడు. కలం పట్టుకుని, "వ్యాగన్ నుంచి బొగ్గు రాలి పాయింటులో ఇరుక్కుంది అని రాస్తాను," అన్నాడు. బొగ్గు రోజూ రాలుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ రెండో మాట అడగరు. తాతయ్యకు పదవీ విరమణ దగ్గర పడింది. ఒక్కసారి తల ఊపితే చాలు.

"రాలలే సారూ," అన్నాడు తాతయ్య. "పెట్టింది నా మనవరాలు. అది పిల్ల. చూడాల్సినోన్ని నేను. బొగ్గు బండి లోపలికి వచ్చినంక పాయింటు కాడికి పోయి చూడాలె. సగం దూరం పోయి ఇంటి దిక్కు తిరిగిన."

"చూడలేదా మీరు?"

తాతయ్య చంకలోని జెండాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"అనుకున్న సారూ."

నా జీవితంలో విన్న మాటల్లో అంత బరువైన మాట ఇంకొకటి లేదు. రోజుకు ఇరవై సార్లు నన్ను అడిగి విసిగించిన ప్రశ్నకు ఆయన తనే నిలబడి జవాబు చెప్పాడు. తప్పించుకునే దారి ఉండి కూడా చెప్పాడు.

సాయంత్రం తిరుగు బండి గార్డు కబురు తెచ్చాడు. తమ్ముడిని దవాఖానాలో చేర్చుకున్నారని, సెలైన్ ఎక్కుతోందని. మరునాడు కళ్లు తెరిచాడని ఇంకో కబురు. ఆ రెండు కబుర్ల మధ్య నేనూ తాతయ్యా అన్నం ముట్టలేదు. ప్రార్థన మాత్రం చేశాం. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చేశాడు. తిట్టకుండా ఆయన అలా చెయ్యి పెట్టడం తిట్టినదానికంటే కష్టంగా తోచింది.

పైవాళ్లు తాతయ్యను సంజాయిషీ రాసివ్వమన్నారు. ఆయనకు సంతకం వచ్చు, రాయడం అంతగా రాదు. అమ్మ ఇంకా కొత్తగూడెంలోనే ఉంది. మాస్టరు రాసిస్తానన్నా ఒప్పుకోలేదు. నన్నే కూర్చోబెట్టాడు. ఇంట్లో నేర్చుకున్న చదువుతో నేను రాసిన మొదటి అర్జీ అదే. ఆయన చెప్పింది మూడే ముక్కలు. పాయింటు చూడలేదు, బాగానే ఉందని అనుకున్నాను, తప్పు నాది. తమ్ముడి జ్వరం సంగతి కూడా రాద్దాం తాతా, అది చదివితే జాలిపడతారు అన్నాను. వద్దన్నాడు. మరి నా సంగతి అని అడిగాను. నీది రైల్వేకు కాదు, మీ అమ్మకు రాయి అన్నాడు. ఆ కాగితం కూడా రాశాను. అది రాయడానికి మొదటిదానికంటే ఎక్కువసేపు పట్టింది.

కొన్నాళ్లకు ఆయన్ని క్యాబిన్ నుంచి తప్పించి ఇంకో చోటికి పంపారు. ఆయన గొణగలేదు. అంతకుముందే, ఆ పొద్దున జరిగిన వారానికి, అమ్మ తమ్ముడితో తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఆమె నా కాగితం చదివింది, నన్ను దగ్గరికి తీసుకుంది, తాతయ్యతో మాట్లాడలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ ఆలస్యంలో తమ్ముడు పోయి ఉంటే అన్న మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. ఆయనకు అది వినబడుతూనే ఉంది. మూడో రోజు పొద్దున పొయ్యి పక్కన తువ్వాలులో కట్టి ఉన్న ఐదు బొగ్గు పెళ్లలు ఆమె కంటబడ్డాయి. ఎవరూ ముట్టలేదు వాటిని. ఇవేందని అడిగింది. "నీ బిడ్డ తన తమ్ముని గంజి కోసం తెచ్చింది," అన్నాడు తాతయ్య. అమ్మ తువ్వాలు ముడి విప్పింది. ఆ తర్వాత పొయ్యిలో పేర్చి, తమ్ముడికి గంజి కాచింది. దాని మీదే తాతయ్యకు టీ పెట్టి, గ్లాసు ఆయన చేతికిచ్చింది. "వేడిగ ఉన్నదా లేదా చూసి తాగు, అనుకోకు," అంది. ఆయన నవ్వాడు.

ఎక్కడో రెండు బండ్లు గుద్దుకున్నాయని వార్త వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ విసుగు ముంచుకొస్తుంది. టీవీలో గొంతు చించుకుంటారు. డ్రైవరు తప్పంటాడొకడు, సిగ్నలు తప్పంటాడొకడు, మిషను తప్పంటాడు ఇంకొకడు. ఇప్పుడు ఇనుప చెయ్యికి బదులుండే పచ్చ దీపం వెలిగేముందు పట్టా దగ్గరికి ఎవరైనా నడిచి వెళ్లి చూశారా, లేక తీగకు తీగ కలిపి దాన్ని వెలిగించి బాగానే ఉందని అనుకున్నారా అని అడిగే మనిషి ఒక్కడూ కనబడడు. ఇనుము అబద్ధం ఆడదు, రానంటే రానంటుంది. రానన్నదాన్ని ఎలాగైనా రప్పించాలనే తొందర మనుషులదే. ఆ పొద్దున మా అందరిలో ఉన్న తొందర అదే. పోయినవాళ్ల ఇళ్ల కోసం ప్రార్థన చేసి టీవీ కట్టేస్తాను. కట్టేశానో లేదో వెనక్కి తిరిగి చూస్తాను కూడా. మా పిల్లలు నవ్వుతారు. వాళ్లకూ నేను ఇంట్లోనే చదువు చెబుతున్నాను, వాళ్లనూ అదే ప్రశ్నతో విసిగిస్తున్నాను.

అందరికంటే ఎక్కువ విసిగిపోయేవాడు మా తమ్ముడు. ఆ జ్వరం, ఆ పొద్దున, వాడికేమీ గుర్తులేవు. రైల్వే గేటు పడితే హారన్ కొట్టే మనిషి. పోయిన వానల్లో ఇద్దరం కొత్తగూడెం నుంచి బండిలో పోతున్నాం. స్టేషన్ ఇంకా రాలేదు, బండి అడవిలో ఆగిపోయింది. వాన పడుతోంది. పావుగంట అయింది. పెట్టెలో అందరూ తిట్టడం మొదలుపెట్టారు.

"ఏందక్కా ఇది, ఒక్క సిగ్నల్ ఇయ్యనీకె ఇంతసేపా? నిద్రపోతుండ్రా?" అన్నాడు తమ్ముడు.

నిజం చెప్పాలి, నాకూ విసుగ్గానే ఉంది. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు. అయినా కిటికీ షట్టరు ఎత్తి ముందుకు వంగి చూశాను. దూరంగా పట్టాల పక్కన రెయిన్‌కోటు వేసుకున్న ఒక మనిషి, భుజాన ఇనుప సామాను పెట్టుకుని, తొందర లేకుండా నడుస్తున్నాడు. వంగాడు. ఇటు పక్క చూశాడు. అటు పక్క చూశాడు.

"నిద్రపోతలేడురా," అన్నాను. "చూస్తుండు."

తమ్ముడు కూడా వంగి చూశాడు. వాడికేం అర్థమైందో తెలియదు, ఊరికే సీటుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఆ మనిషి పేరు తెలియకుండానే ఆయన కోసం కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. కళ్లు తెరిచాక కూడా బండి కదల్లేదు. ఆయన మళ్లీ ఒకసారి వంగి చూస్తున్నాడు.